పొయ్యి దగ్గరి బండ పొయ్యి దగ్గరే ఉండాలి



ఈసారి చెరుకు గురించో, బెల్లం రేటు గురించో రాయటం లేదు. మన వ్యాన్ల గురించి రాస్తున్నాను. చదివాక కొందరికి నా మీద కోపం వస్తుంది. రానివ్వండి. నేనూ రెండేళ్ళు అదే తప్పు చేసినవాణ్ణి, కాబట్టి తిట్టే ముందు ఆఖరి దాకా చదవండి.

మన చుట్టుపక్కల ఊళ్ళల్లో పాత ఓమ్నీ వ్యాన్లు ఎన్ని తిరుగుతున్నాయో మీకు తెలుసు. 1984లో మొదలైన బండి, 2019లో కంపెనీ తయారు చేయటం ఆపేసింది. అయినా మన దగ్గర ఇంకా చావలేదు. రైతుబజారుకి కూరగాయలు దానిలోనే, పెళ్ళికి చుట్టాలు దానిలోనే, బడికి పిల్లలు దానిలోనే. వాటిలో పెట్రోలు మీద నడిచేవి ఎన్ని, వెనకాల గోనె సంచి కప్పిన వంటగ్యాస్ బండ మీద నడిచేవి ఎన్ని? నేను లెక్కపెట్టలేదు. మీరే మీ వీధిలో లెక్కపెట్టుకోండి. గోనె సంచి తీసి చూస్తే ఎర్ర బండ కనపడుతుంది.

నా సంగతి ముందు చెప్తాను.

నాది రెండో చేతి ఓమ్నీ. వారానికి మూడు సార్లు వంకాయ, బెండ, ఆనప వేసుకుని గోపాలపట్నం రైతుబజారుకి వెళ్తాను. తెల్లారేసరికి అక్కడ ఉండాలి, కాబట్టి అర్ధరాత్రి బయల్దేరి వెళ్ళి వ్యాన్లోనే ఒక కునుకు తీస్తాను. వెనక సీట్లు పీకించి, ఒక పక్క చెక్క బల్ల కొట్టించాను. కింద బుట్టలు, పైన పడక. పట్నం కుర్రాళ్ళు ఇలాంటి దాన్నే క్యాంపర్ వ్యాన్ అని పేరు పెట్టి లంబసింగి మంచు చూడటానికి వేసుకొస్తున్నారు. మనం పేరు పెట్టకుండానే ఎప్పట్నుంచో పడుకుంటున్నాం.

2021లో పెట్రోలు లీటరు వంద దాటింది. ఆ ఏడాది నా లెక్క తప్పింది. తెలిసినవాడొకడు అన్నాడు: "ఏటి మావా, అలాగ పెట్రోలు పోసీసి ఎన్నాళ్ళు నడుపుతావు? కిట్టు ఏయించీ, ఇంటి బండ పెట్టీ, సగానికి సగం మిగుల్తాది." ఒక షెడ్డులో పాత కిట్టు బిగించారు. రసీదు లేదు, కాగితం లేదు. బల్ల వెనకాల బండ పడుకోబెట్టి, ఇనప పట్టీ ఒకటి వేసి, పైప్ లాగారు. అరపూట పని. నేను వాడికి డబ్బులిచ్చి, టీ కూడా ఇప్పించాను.

రెండేళ్ళు నడిచింది. నిజం చెప్పాలి కదా, డబ్బు మిగిలింది.

తర్వాత ఒక డిసెంబరులో మా అమ్మాయి, అల్లుడు, మనవడు వచ్చారు. లంబసింగి చూపించు తాతా అన్నాడు మనవడు. వ్యాన్ ఉంది కదా, గది ఖర్చు ఎందుకు, దానిలోనే పడుకుందాం అన్నాను. నర్సీపట్నం దాటి ఘాట్ ఎక్కి, రోడ్డు పక్కన ఆపి, చలికి అద్దాలన్నీ ఎక్కించి పడుకున్నాం. మేం బల్ల మీద, సీట్ల మీద. గుంటడు మాత్రం కింద దుప్పటి పరుచుకుని బుట్టల పక్కన పడుకుంటానని పేచీ పెట్టాడు.

రాత్రి ఏ జామో తెలీదు. వాడు లేచి, "తాతా, కుళ్ళిన ఉల్లిపాయ కంపు" అన్నాడు. నేను బుట్టలో ఏదో మిగిలిపోయి ఉంటుంది పడుకో అన్నాను. అల్లుడు చూద్దాం ఉండండి అని జేబులోంచి అగ్గిపెట్టె తీశాడు.

అగ్గిపెట్టె తీశాడు. గీయలేదు. ఆ మధ్యలో ఉన్న రెండు క్షణాల వల్లే ఈ రోజు నేను మీకిది రాస్తున్నాను. వాడి చెయ్యి పట్టుకున్నది నేను కాదు, మా అమ్మాయి. ఇంట్లో రోజూ పొయ్యి వెలిగించేది ఆడపిల్ల కాబట్టి ఆ వాసన దానికి తెలిసింది.

తలుపులు తీసుకుని బయటకు దూకాం. చలిలో పిల్లాణ్ణి ఎత్తుకుని దూరంగా నిలబడ్డాం. కంపు పోయాక నేనొక్కణ్ణీ తడుముకుంటూ వెళ్ళి బండ కట్టేశాను. తెల్లారాక చూస్తే ఘాట్ రోడ్డు కుదుపులకి పైప్ దగ్గర నట్టు వదులైపోయింది.

పిల్లాడికే ముందు వాసన ఎందుకొచ్చింది? పెద్దవాళ్ళం ముగ్గురం ఉన్నాం, మాకెవరికీ రాలేదు. దీనికి జవాబు తెలుసుకోవటానికి నాకు కొన్నాళ్ళు పట్టింది. తెలిశాక నిద్ర పట్టలేదు.

వంటగ్యాస్ గాలి కంటే బరువు. దాదాపు రెండింతలు బరువు. లీకైతే పైకి పోదు, నీళ్ళలాగ పల్లానికి దిగి నేలమీద పాకుతుంది. దానికి సొంత వాసన కూడా లేదు, మనకి తెలియాలని కంపు కొట్టే మందు కలుపుతారు. మేం పైన పడుకున్నాం, వాడు గ్యాస్‌లో పడుకున్నాడు. అంతే తేడా.

విశాఖ జిల్లాలో పెరిగినవాళ్ళకి ఇది కొత్త పాఠం కాదు. 1997 సెప్టెంబరు 14న విశాఖ రిఫైనరీలో కారింది ఈ ఎల్పీజీయే. కారిన గ్యాస్ మేఘంలాగ నేలమీద పరుచుకుంది, ఎక్కడో నిప్పు తగిలింది, అరవై మంది దాకా పోయారు. అప్పుడు నాకు ఇరవై దాటిన వయసు. ఆ పొగ గురించి ఊరంతా వారం రోజులు మాట్లాడుకున్నాం. 2020 మే 7న వెంకటాపురంలో స్టైరీన్ ఆవిరి కూడా అలాగే నేలబారున ఇళ్ళల్లోకి పాకింది. అది వేరే రసాయనం, కానీ పాకే పద్ధతి అదే. ఇంత చూసి కూడా మన వీపు వెనకాల బండ పెట్టుకుని పడుకుంటున్నాం.

ఇప్పుడు ఒక చిన్న లెక్క. ఇంటర్ చదివిన బుర్రకి అందే లెక్కే. ఒక లీటరు ద్రవం గ్యాస్ బయటకొస్తే సుమారు 250 లీటర్ల ఆవిరి అవుతుంది. గాలిలో నూటికి రెండు పాళ్ళు ఈ ఆవిరి కలిస్తే చాలు, నిప్పంటుకుంటుంది. ఓమ్నీ లోపల నాలుగు వేల లీటర్ల గాలి పడుతుంది అనుకోండి. అందులో రెండు పాళ్ళంటే 80 లీటర్ల ఆవిరి. అంటే ద్రవం లీటరులో మూడో వంతు. మూడు టీ గ్లాసులు. బండలో 14.2 కిలోలు ఉంటుంది, దాదాపు 26 లీటర్లు. మనవాళ్ళని చంపటానికి అందులో మూడు టీ గ్లాసులు చాలు. పైగా గ్యాస్ అంతా అడుగునే చేరుతుంది కాబట్టి నేల దగ్గర ఇంకా ముందే ఆ పాళ్ళు కలిసిపోతాయి.

ఇక మీరు అడిగేవి నాకు తెలుసు. నేనూ అవే అడిగాను.

"అదే బండ ఇంట్లో లేదా? ఇంట్లో పేలని బండ వ్యాన్లో పేలుతుందా?"

ఇంట్లో బండ కదలకుండా నిలబడి ఉంటుంది. నిలబడటానికే దాన్ని తయారు చేశారు, అందుకే అడుగున రింగు ఉంది. నిలబెడితే పైనుంచి ఆవిరి మాత్రమే వస్తుంది. ఇంట్లో రెగ్యులేటరు ఆ ఒత్తిడిని బాగా తగ్గించి, పొయ్యికి సన్నగా వదులుతుంది. ఆ రబ్బరు పైప్ ఆ సన్నటి ఒత్తిడి కోసమే. వ్యాన్ ఇంజనుకి ఆ సన్నటి గ్యాస్ చాలదు. అందుకని షెడ్డువాడు ఇంటి రెగ్యులేటరు తీసేసి, ఎక్కువ ఒత్తిడికి వేరేది తగిలిస్తాడు. ఆవిరి గబగబా లాగితే బండ మంచు పట్టి ఒత్తిడి పడిపోతుంది, అందుకని పడుకోబెట్టి ద్రవమే బయటకి రప్పిస్తాడు. అంటే మీ వీపు వెనకాల ఉన్నది ఇంట్లో బండ కాదు. చూడటానికే అది, పని వేరు. దానికి తోడు గుంతల రోడ్డు, మే నెల ఎండ, ఇంజను వేడి, వైర్లలో నిప్పురవ్వ. ఇంట్లో వీటిలో ఏది ఉంది?

"అలాగైతే కంపెనీవాళ్ళే గ్యాస్ ఓమ్నీ అమ్మారు కదా?"

అమ్మారు. ఎల్పీజీ ఓమ్నీ కంపెనీలోనే తయారైంది. బండికి గ్యాస్ పెట్టటం తప్పని నేను అనట్లేదు. దేశంలో దానికి 2000 సంవత్సరంలోనే చట్టం మార్చి దారి ఇచ్చారు, 2001లో బండ్లలో వాడే ఎల్పీజీకి వేరే ఉత్తర్వు కూడా తెచ్చారు. కానీ కంపెనీ పెట్టినది ట్యాంకు, బండ కాదు. ఆ ట్యాంకుకి నూటికి ఎనభై వంతులు నిండగానే ఆగిపోయే వాల్వు ఉంటుంది, ఎండకి ద్రవం ఉబ్బితే చోటు ఉండాలని. పైప్ తెగితే ప్రవాహం ఆపేసే వాల్వు ఉంటుంది. ఒత్తిడి మించితే వదిలే వాల్వు ఉంటుంది. ఇవన్నీ ఒక మూసిన డబ్బాలో ఉంటాయి, లీకైనా బండి లోపలికి రాకుండా గొట్టం గుండా బయటకే పోతుంది. తాళం తిప్పి ఇంజను ఆపగానే గ్యాస్ దానంతటదే కట్టేసుకుంటుంది. ట్యాంకుకి అయిదేళ్ళకోసారి ఒత్తిడి పరీక్ష చేయించాలి. మన గోనె సంచి కింద వీటిలో ఒక్కటైనా ఉందా?

"ఇన్నాళ్ళూ ఏమీ అవ్వలేదు కదా?"

నాకూ రెండేళ్ళు ఏమీ అవ్వలేదు. బెల్లం వండే వాళ్ళం మనం. పాకం ఉడుకుతున్న పెనం దగ్గరకి పిల్లల్ని రానిస్తామా? నిన్న పడలేదు కాబట్టి ఈ రోజు పడరని వదిలేస్తామా? పెనం కంటికి కనపడుతుంది కాబట్టి భయం. గ్యాస్ కనపడదు కాబట్టి ధైర్యం. ఇది ధైర్యం కాదు సోదరా, గుడ్డితనం.

"గొప్పోళ్ళకి లేని చట్టం మనకేటి?"

ఈ మాట మీద నాకూ కడుపు మంటే. పెట్రోలు మీద పన్నుల మీద పన్నులు వేసి మన నడ్డి విరిచింది ఎవరు? రైతు పంటకి రేటు పెంచమంటే నోరు మెదపనివాళ్ళు, లీటరు రేటు మాత్రం పెంచుకుంటూ పోయారు. పోనీ సరైన పద్ధతిలో గ్యాస్ పెట్టించుకుందామని నేను తిరిగాను. నా పాత మోడలుకి అనుమతి ఉన్న కిట్టు కోసం ఊళ్ళు తిరిగాను. కాగితం కోసం ఒక ఆఫీసు చుట్టూ నాలుగు సార్లు తిరిగాను. ఒకసారి సారు లేరు, ఒకసారి సర్వర్ లేదు. అదే ఆఫీసు ముందు నుంచి ఎర్ర బండ పెట్టుకున్న వ్యాను పిల్లల్ని నింపుకుని పోతుంటే ఎవరూ ఆపలేదు. దొంగ దారి అరపూట పని, సరైన దారి నెలల పని. ఇలా ఉంటే జనం దేనిలోకి పోతారు? ఈ తప్పులో వాళ్ళ వాటా వాళ్ళకుంది. నేను వదలను.

కానీ ఒకటి చెప్పండి. వాళ్ళ మీద కోపంతో మన పిల్లల్ని ఎందుకు బండ పక్కన కూర్చోబెడుతున్నాం? శిక్ష ఎవరికి వేస్తున్నాం?

చట్టం కూడా తెలుసుకోండి, తర్వాత నాకెవరూ చెప్పలేదు అనకుండా. వంటగ్యాస్‌ని వంటకి తప్ప వేరే దానికి వాడటం 2000 నాటి ఎల్పీజీ ఉత్తర్వు ప్రకారం నేరం. అది నిత్యావసర సరుకుల చట్టం కిందకి వస్తుంది, జైలు దాకా పోతుంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం అనుమతి ఉన్న కిట్టే పెట్టాలి, పెట్టాక 14 రోజుల్లో రిజిస్ట్రేషను ఆఫీసుకి తెలపాలి. లేకపోతే మార్పుకి 5000 రూపాయలు జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. ఆర్‌సీలో పెట్రోలు అని ఉండి బండి గ్యాస్ మీద కాలిపోతే, బీమా కంపెనీకి డబ్బు ఎగ్గొట్టటానికి మనమే కారణం చేతిలో పెట్టినట్టు.

ఇంకో మాట. ఆ బండ ఎవరిది? 1999లో దీపం పథకం వచ్చినప్పుడు మా అమ్మ పొగ పొయ్యి నుంచి బయటపడింది. అప్పటిదాకా చెరుకు ఆకూ, పిప్పీ ఊది ఊది కళ్ళు పాడుచేసుకుంది. 2024 నవంబరు 1న శ్రీకాకుళం జిల్లా ఈదుపురంలో దీపం-2 మొదలుపెట్టారు, ఏడాదికి మూడు బండలు ఉచితం. వంటగ్యాస్ రేటు అదుపులో ఉంచటానికి 2022లో కేంద్రం చమురు కంపెనీలకి 22,000 కోట్లు ఇచ్చింది. అది మన అందరి డబ్బు. మన ఆడవాళ్ళ కళ్ళల్లో పొగ పోవాలని ఇచ్చిన డబ్బు. ఆ బండ మనం వ్యాన్లో పెట్టి, ఇంట్లో గ్యాస్ అయిపోయిందంటే పుల్లలు ఏరుకోమంటున్నాం. మా ఇంట్లో అదే జరిగింది. మా ఆవిడ ఏమీ అనలేదు. అనకపోవటమే ఎక్కువ తగిలింది.

ఇక డబ్బు లెక్క. ఇది లేకపోతే మీరు నా మాట వినరు.

వారానికి మూడు ట్రిప్పులు, రానూ పోనూ 70 కిలోమీటర్లు, మొత్తం 210. నా బండి లీటరుకి 14 ఇస్తుంది. వారానికి 15 లీటర్లు. లీటరు 109 చొప్పున 1,635 రూపాయలు. అదే గ్యాస్ మీద అయితే ముప్పావు బండ పడుతుంది. బ్లాకులో బండ 1,200కి కొనేవాణ్ణి, అంటే 900. వారానికి మిగిలింది 735. రెండేళ్ళకి 75,000 దాకా. అంటే మా మనవడి ప్రాణానికి నేను పెట్టిన ఖరీదు 75,000.

ఇప్పుడు ఇది చూడండి. బండ తీయించేశాక మా వీధిలో ఇద్దరు రైతుల్ని అడిగాను. ముగ్గురం రైతుబజారుకే పోతాం, ముగ్గురివీ మూడు బండ్లు, ఒక్కోదానిలో నూరు, నూట ఇరవై కిలోల సరుకు. మూడూ కలిపినా ఒక ఓమ్నీలో పడుతుంది. ఇప్పుడు ఒకే బండి, పెట్రోలు మీదే. 1,635 ముగ్గురికి పంచితే తలకి 545. నాకు వారానికి మిగిలేది 1,090.

మళ్ళీ చదవండి. బండ పెట్టి ప్రాణాల మీదకి తెచ్చుకుంటే మిగిలింది 735. పక్కింటివాడితో కలిసి పోతే మిగిలేది 1,090. మనం గ్యాస్‌తో కలిసి పడుకోవటానికి ఒప్పుకున్నాం గాని, పక్క రైతుతో కలిసి కూర్చోవటానికి ఒప్పుకోలేదు. ఎందుకు? వాడి గట్టు మన గట్టు మీదకి జానెడు జరిగిందని! నాకూ అలాంటి గొడవే ఉంది. గొడవ అలాగే ఉంది, బండి మాత్రం కలిసే వేస్తున్నాం.

అయినా గ్యాస్ పెట్టించాల్సిందే అనేవాళ్ళు ఇవి చూసుకోండి. కిట్టుకి మీ మోడలు పేరుతో అనుమతి కాగితం అడగండి. ట్యాంకు మీద పరీక్ష తేదీ చదవండి. బిగించినవాడు సంతకం పెట్టి రసీదు ఇవ్వాలి. ఆర్‌సీలో రాయించండి, బీమాలో రాయించండి. బంకులో మాత్రమే పట్టించండి, ఇంటి బండ తలకిందులు చేసి ట్యాంకులోకి దింపే పని ఎవడు చేస్తానన్నా ఒప్పుకోకండి, అది బండ పెట్టటం కంటే ప్రమాదం. బయల్దేరే ముందు మీకు దగ్గరలో గ్యాస్ బంకు ఉందో లేదో చూసుకోండి, లేకపోతే ఆ డబ్బు దండగ. నెలకోసారి జాయింట్ల దగ్గర సబ్బు నురగ రాసి చూడండి, బుడగ లేస్తే లీకు. అగ్గిపుల్లతో చూడకండి. వాసన వస్తే స్విచ్ ముట్టుకోకండి, తలుపులు తీసి దూరంగా పొండి. గ్యాస్ బండిలో అద్దాలెక్కించి పడుకోకండి, ఎంత మంచి కిట్టైనా సరే.

ఆఖరుగా బడి వ్యాన్ల సంగతి. మన పొలాల్లో మన ఇష్టం అనుకుందాం. కానీ పొద్దున్నే పదిహేను మంది పిల్లల్ని కుక్కి, వాళ్ళ బ్యాగులు బండ మీదే పెట్టి తీసుకుపోయే వ్యాన్ మన ఊళ్ళోకి వస్తోంది. నడిపేవాడు మనవాడే, చుట్టమే. అందుకే ఎవరూ అడగటం లేదు. రేపు మీ పిల్ల ఎక్కే ముందు ఆ గోనె సంచి ఎత్తి చూడండి. ఎర్ర బండ ఉంటే ఎక్కించకండి. "ఏటి బావా, నా మీద నమ్మకం లేదా" అంటాడు. నీ మీద నమ్మకం ఉంది, నట్టు మీద లేదు అని చెప్పండి.

మొహమాటపడితే ఏమవుతుందో నాకు తెలుసు. మా మనవడు ఇప్పటికీ వ్యాన్ ఎక్కేటప్పుడు ముందు వంగి కింద వాసన చూస్తాడు. వాడికి ఆ అలవాటు నేర్పింది నేనే.

ఇది మీ ఊళ్ళో వ్యాన్ ఉన్నవాళ్ళకి చదివి వినిపించండి. చదవటం రాని వాళ్ళు ఉంటారు, వాళ్ళ దగ్గర కూర్చుని వినిపించండి.